బడి మానిన పిల్లలకు పని చూపడం: పాల సంఘం బాధ్యత
(సభ్యుల విద్యా పాఠం)



ఉదయం పాల కేంద్రం వద్ద వరుసలో నిలబడిన వారిని ఒకసారి గమనించండి. పెద్దవారి మధ్య, చేతిలో క్యాను పట్టుకుని పదహారు, పదిహేడు ఏళ్ల పిల్లలు నలుగురైదుగురు కనబడతారు. వారిలో కొందరు పాలు పోసి, రసీదు తీసుకుని, పుస్తకాల సంచి తగిలించుకుని బస్సుకు పరుగెత్తుతారు. మరికొందరు పాలు పోసి, రసీదు జేబులో పెట్టుకుని, నింపాదిగా రచ్చబండ వైపు నడుస్తారు. ఈ రెండో రకం పిల్లలను గురించే నేటి పాఠం.

వీరు సోమరులు కారు. మేము తనిఖీకి వెళ్లిన గ్రామాలలో ఇటువంటి పిల్లలను కూర్చోబెట్టుకుని, బడి ఎందుకు మానావని అడిగి చూశాము. తండ్రి మంచాన పడ్డాడని ఒకడు చెప్పాడు. ఊళ్లో ఏడో తరగతి వరకే ఉన్నది, హైస్కూలు ఐదు కిలోమీటర్ల దూరం, ఒంటరిగా పంపనన్నారని ఒక ఆడపిల్ల చెప్పింది. లెక్కల పరీక్ష తప్పి, సిగ్గుపడి మళ్లీ పోలేదని ఒకడు. అన్నిటికంటె మమ్మల్ని ఆలోచింపజేసిన జవాబు మరొకటి ఉన్నది. "అమ్మ కూలికి పోతే గేదెను చూసేవాళ్లు లేరండీ, అందుకే మానిపించారు" అని ఒక పిల్ల చెప్పింది. ఆ గేదె పాలు మన సంఘానికే వస్తున్నాయి. ఆ పాలలో వెన్న శాతం ఎంతో మనం రోజుకు రెండుసార్లు చూస్తాము. ఆ పాల వెనుక ఒక పిల్ల చదువు ఆగిపోయిందన్న సంగతి మాత్రం ఏ రిజిస్టరులోనూ రాయము. కావున ఈ పిల్లల సంగతి మనకు సంబంధం లేదని అనడానికి వీలు లేదు.

1. మేము చేసిన పొరపాటు

గ్రామీణ యువకులకు స్వయం ఉపాధి శిక్షణ ఇచ్చే ట్రైసెమ్ అనే పథకం 1979 ఆగస్టు 15న మొదలైంది. 18 నుండి 35 ఏళ్ల లోపు పేద కుటుంబాల వారికి ఏదో ఒక వృత్తి నేర్పి, పనిముట్లు ఇప్పించి, బ్యాంకు అప్పుతో జత చేయడం దాని ఉద్దేశం. మేము ఉద్యోగంలో చేరిన కొత్తలో, 1997 ప్రాంతంలో, ఒక గ్రామంలో పన్నెండుమందిని దీనికి ఎంపిక చేయడంలో మేమూ ఉన్నాము. అందరికీ దర్జీ పని నేర్పించారు. నేర్పినవారు శ్రద్ధగానే నేర్పారు. ధ్రువపత్రాలు వచ్చాయి, కుట్టు మిషన్లు వచ్చాయి. లక్ష్యం నూటికి నూరు పాళ్లు నెరవేరిందని మేము నివేదిక రాసి పంపాము.

రెండేళ్ల తరువాత సంఘం లెక్కల తనిఖీకి అదే గ్రామానికి వెళ్లాము. పన్నెండు మిషన్లలో ఎనిమిది అమ్ముడుపోయాయి. రెండు గుడ్డ కప్పి మూలన ఉన్నాయి. రెండు మాత్రమే నడుస్తున్నాయి. అప్పు మాత్రం పన్నెండుమంది పేరనా ఉన్నది. ఇటుక బట్టీలో పని చేస్తున్న ఒక కుర్రవాణ్ణి, ఏమయ్యా ఇట్లా చేశావని అడిగాము. "సార్, మీరు కాగితం ఇప్పించారు. గుడ్డలు కుట్టించుకునేవాళ్లను ఇప్పించలేదు గదా" అన్నాడు. మాకు జవాబు తోచలేదు. ఆ ఊళ్లో ఉన్నవి 300 ఇళ్లు. అప్పటికే ఇద్దరు దర్జీలు ఉన్నారు. మరి పన్నెండుమందిని తయారు చేసే ముందు, ఇంతమందికి పని ఉన్నదా అన్న చిన్న లెక్క మేము వేయలేదు. తప్పు శిక్షణలో లేదు, పిల్లలలోనూ లేదు. ఎంపిక చేసిన మాలో ఉన్నది.

1999 ఏప్రిల్‌లో ట్రైసెమ్‌ను స్వర్ణజయంతి గ్రామ స్వరోజ్‌గార్ యోజనలో కలిపారు. తరువాత వేరే పథకాలు వచ్చాయి. పేర్లు మారినా ఆ కుర్రవాడు అడిగిన ప్రశ్న మారలేదు. శిక్షణ తరువాత పని ఎవరు ఇస్తారు? చేసిన పనికి డబ్బు సమయానికి ఎవరు ఇస్తారు? గ్రామంలో ఈ రెండు ప్రశ్నలకు జవాబు చెప్పగల సంస్థ పాల సంఘం. అది ఎట్లాగో వరుసగా చూద్దాము.

2. ముందు వయసు చూడాలి

బడి మానిన పిల్లలందరినీ ఒకే గాటన కట్టరాదు. మూడు వరుసలుగా విడదీయాలి.

(అ) 14 ఏళ్ల లోపువారు: వీరికి వృత్తి శిక్షణ మాట ఎత్తవద్దు. 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన విద్యా హక్కు చట్టం ప్రకారం 6 నుండి 14 ఏళ్ల పిల్లలకు ఉచిత నిర్బంధ విద్య హక్కు. మానినవారిని వయసుకు తగిన తరగతిలో తిరిగి చేర్చుకోవలసిందే. 2016లో సవరించిన బాల కార్మిక చట్టం ప్రకారం ఈ వయసువారిని పనిలో పెట్టుకోవడం నేరం. బడి వేళలు కాని సమయంలో ఇంటి పనిలో సాయపడటం వేరు సంగతి. సంఘం కేంద్రంలో క్యానులు కడగడానికి కూడా వీరిని పెట్టరాదు.

(ఆ) 14 నుండి 18 లోపువారు: వీరు ప్రమాదకరమైన పనులు చేయరాదు. చదువు పూర్తి చేసుకోవడానికి సార్వత్రిక విద్య అనే దారి ఉన్నది. జాతీయ సార్వత్రిక పాఠశాల 1989లో, మన రాష్ట్ర సార్వత్రిక పాఠశాల 1991లో ఏర్పడ్డాయి. ఇప్పుడు తెలంగాణకు వేరే సంస్థ ఉన్నది. 14 ఏళ్లు నిండినవారు ఇంటి వద్ద చదువుకుని పదో తరగతి పరీక్ష రాయవచ్చు. జాతీయ సంస్థలో అన్ని సబ్జెక్టులూ ఒకేసారి రాయనక్కరలేదు. ఐదేళ్ల కాలంలో తొమ్మిది అవకాశాలు ఉంటాయి, ప్యాసైన సబ్జెక్టు పోదు. ఐ.టి.ఐ.లలో కొన్ని ట్రేడులకు ఎనిమిదో తరగతి చాలు.

(ఇ) 18 నిండినవారు: వీరే స్వయం ఉపాధి శిక్షణకు తగినవారు.

చాలామంది పెద్దలు, "ఇప్పుడు వాడికి పదో తరగతి ఎందుకండీ, పని నేర్పిస్తే చాలదా" అంటారు. ఎందుకో ముందు చెప్పబోయే లెక్కలో తెలుస్తుంది.

3. ఊళ్లో పని ఎంత ఉన్నదో లెక్క వేయాలి

శిక్షణకు దరఖాస్తు నింపే ముందు పాలక వర్గం ఒక సాయంత్రం కూర్చుని, మన సభ్యులు ఏ పనికోసం ఊరు దాటిపోతున్నారో, ఎవరికోసం ఎదురుచూస్తున్నారో రాసుకోవాలి. ఒక ఉదాహరణ తీసుకుందాము. లెక్క అర్థం కావడానికి అంకెలు మేము అనుకున్నవే. మీ సంఘం అంకెలు మీరు వేసుకోండి.

ఒక సంఘంలో 120 మంది సభ్యులు, 240 పాడి పశువులు ఉన్నాయనుకుందాము. ఏడాదిలో వాటిలో 150 పశువులకు ఎద సూది వేయించవలసి వస్తుంది. ఒక్కసారికే చూడి నిలిచేవి తక్కువ గనుక, పశువుకు సగటున రెండున్నర సార్లు అనుకుంటే ఏడాదికి 375 సూదులు. ఒక్కొక్కదానికి 100 రూపాయలు వస్తే ఏడాదికి 37,500. అంటే నెలకు 3,125 రూపాయలు. ఇందులో పెట్రోలు ఖర్చు పోవాలి. ఒక మనిషి దీనితో బతకలేడు. ఇదే పని చుట్టుపక్కల నాలుగు సంఘాలు కలిసి ఒకరికి అప్పగిస్తే, ఏడాదికి 1,500 సూదులు, నెలకు 12,500 రూపాయలు. అప్పుడది బతుకుతెరువు. ఆ నాలుగు ఊళ్లలో ఇప్పటికే గోపాలమిత్ర పని చేస్తూ ఉంటే మరొకరిని తయారు చేయడం ఇద్దరి కడుపూ కొట్టడమే.

ఈ పని నేర్చుకోవడానికి గోపాలమిత్ర ఎంపికలో పదో తరగతి అడిగారు. ఏడో తరగతిలో మానినవాడు ఎంత చురుకైనవాడైనా ఆ గడప దాటలేడు. సార్వత్రిక పరీక్ష రాయించమనడం అందుకే. పనిలో కూడా చదువు అవసరమే. వీర్యాన్ని సున్నాకు దిగువ 196 డిగ్రీల చల్లదనంలో, ద్రవ నత్రజనిలో నిలువ చేస్తారు. పెట్టెలో నత్రజని మట్టం తగ్గితే ఉన్న సరుకంతా పాడవుతుంది. ఉదయం ఎద కనబడితే సాయంత్రం, సాయంత్రం కనబడితే మర్నాటి ఉదయం సూది వేయాలి. 21వ రోజున తిరిగి ఎదకు వచ్చిందా లేదా చూడాలి. ఇవన్నీ తేదీలతో రాసిపెట్టుకోలేనివాడు ఈ పనికి పనికిరాడు.

4. పదో తరగతి లేనివారికి ఏ పనులు ఉన్నాయి?

చాలా ఉన్నాయి. మన కళ్లముందే ఉన్నాయి.

యంత్రాల మరమ్మతు: చాఫ్ కట్టర్లు, బోరు మోటార్లు, పాలు పిండే యంత్రాలు నేడు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. మోటారు కాలితే మండల కేంద్రానికి మోయాలి, మూడు రోజులు ఆగాలి. ఆ మూడు రోజులూ పశువులకు నీళ్లు తోడిపోయాలి.

పచ్చిమేత: కో-4 వంటి నేపియరు గడ్డి ఒకసారి నాటితే సుమారు 75 రోజులకు మొదటి కోత, తరువాత 45 రోజులకొక కోత వస్తుంది. 25 సెంట్ల నేల, నీటి వసతి ఉన్న కుటుంబం గడ్డి మోపులు, నాటే ముచ్చెలు రెండూ అమ్ముకోవచ్చు. ఇల్లు వదిలి దూరం పోలేని ఆడపిల్లలకు ఇది అనుకూలం.

పాతర గడ్డి: మొక్కజొన్నను గింజ పాలు గట్టిపడే దశలో కోసి, సన్నగా ముక్కలు చేసి, గాలి చొరకుండా తొక్కి మూస్తే 45 రోజులకు సిద్ధమవుతుంది. వేసవిలో దీనికి గిరాకీ ఉంటుంది. ఒక్కరితో అయ్యే పని కాదు, నలుగురు కలిసి చేయాలి.

దూడల పెంపకం: పాలకోసం పెయ్యదూడలను సరిగా పెంచక, పెద్ద ధర పెట్టి బయటినుండి గేదెలను కొనడం మన ఊళ్లలో అలవాటైంది. మంచి పడ్డలను పెంచి చూడి కట్టిన తరువాత అమ్మడం ఓపిక ఉన్నవారికి లాభసాటి.

పాల పరీక్ష: ఇది సంఘంలో ఒకరిద్దరికే దొరికే పని. అయితే సంఘం పరీక్షకుడు సెలవు పెట్టిననాడు గిన్నె కొలతతో పాలు తీసుకునే దుస్థితి తప్పాలంటే రెండోవాడు ఉండాలి. గంధకామ్లంతో పని గనుక 18 నిండినవారికే నేర్పాలి.

5. శిక్షణ ఎక్కడ?

1982లో కర్ణాటకలోని ఉజిరెలో ధర్మస్థల ధర్మాధికారి వీరేంద్ర హెగ్గడే, సిండికేట్ బ్యాంకు, కెనరా బ్యాంకు కలిసి రుడ్‌సెట్ అనే సంస్థను నెలకొల్పారు. కొద్ది రోజుల శిక్షణ, ఆ తరువాత దీర్ఘకాలం వెన్నంటి ఉండటం అక్కడి పద్ధతి. కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ 2009 నుండి దీనినే నమూనాగా తీసుకుని, జిల్లాకొకటి చొప్పున బ్యాంకుల ఆధ్వర్యంలో గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలను ఏర్పాటు చేయించింది. శిక్షణ, భోజనం, వసతి ఉచితం. పాడి పెంపకం వంటివి పది రోజులు, మోటారు చుట్టడం వంటివి నెల రోజులు ఉంటాయి. శిక్షణ తరువాత రెండేళ్లు కనిపెట్టి ఉండటం వారి బాధ్యత. మేత పంటలకు, పశుపోషణకు మీ జిల్లా కృషి విజ్ఞాన కేంద్రాన్ని అడగండి. తెలంగాణ వారికి భూదాన్ పోచంపల్లి వద్ద జలాల్‌పూర్‌లో స్వామి రామానంద తీర్థ గ్రామీణ సంస్థ కూడా ఉన్నది.

6. చేసిన పనికి డబ్బు: పాల బిల్లు ద్వారా

ఇక అసలు విషయం. గ్రామంలో చేతిపని చేసేవాణ్ణి ముంచేది పని లేకపోవడం ఒక్కటే కాదు, అరువు. "పంట రాగానే ఇస్తాలే" అంటారు. పది ఇళ్లలో అరువు పెట్టిన కుర్రవాడికి రాగి తీగ కొనడానికి చేతిలో డబ్బు ఉండదు. కొత్తవాడు గట్టిగా అడగలేడు. ఆరు నెలలలో పెట్టె సర్దుకుని పట్నం పోతాడు.

మన సభ్యులకు పదిహేను రోజులకొకసారి పాల బిల్లు వస్తుంది. ఈ సౌకర్యం ఊళ్లో మరే వృత్తివారికీ లేదు. ఒక సంఘం దీనిని ఎట్లా వాడుకున్నదో చెబుతాము.

ఆ సంఘంలో ఒక సభ్యురాలి కుమారుడు తండ్రి పోవడంతో ఎనిమిదిలో బడి మానాడు. 19 ఏళ్ల వయసులో పాలక వర్గం అతణ్ణి మోటారు చుట్టే శిక్షణకు పంపింది. పంపే ముందు తమ ఊళ్లోను, పక్క రెండు ఊళ్లలోను మోటార్లు, చాఫ్ కట్టర్లు ఎన్ని ఉన్నాయో ఇల్లిల్లూ తిరిగి రాసుకున్నారు. అతడు తిరిగి రాగానే తల్లి పేరున 18,000 రూపాయలు పనిముట్లకు బయానాగా ఇచ్చి, బిల్లుకు 500 చొప్పున 36 బిల్లులలో తీర్చుకునేట్లు తీర్మానించారు. మరమ్మతు చేయించుకున్న సభ్యుడు ఎంత ఇవ్వవలసిందీ చీటీ మీద రాసి సంతకం పెట్టాలి. చీటీ రెండు ప్రతులు. ఒకటి సభ్యునిది, రెండోది కార్యదర్శికి. బిల్లు నాడు ఆ సొమ్ము మినహాయించి కుర్రవాని బ్యాంకు ఖాతాలో వేస్తారు.

మొదటి మూడు నెలలలో అతనికి వచ్చినవి ఏడే పనులు. హైదరాబాదులో కాపలా ఉద్యోగం ఉన్నదని స్నేహితుడు పిలిచాడు. బయలుదేరబోయాడు కూడా. కార్యదర్శి పిలిచి, "వేసవి దాకా ఆగు నాయనా. నీళ్లు అడుగంటి, కరెంటు సరిగా లేనప్పుడే మోటార్లు కాలేది. అప్పటివరకు కట్టర్ల కత్తులు పదును పెట్టు, కేంద్రంలో మోటారు చూడు" అని చెప్పి, మూడు నెలలు బయానా వాయిదా నిలిపివేయించాడు. ఏప్రిల్‌లో అతనికి తిండి తినడానికి తీరిక లేకపోయింది. మేము కిందటిసారి వెళ్లినప్పుడు బయానా తీరిపోయి ఉన్నది. పక్కన మరొక బడి మానిన కుర్రవాడు సహాయకుడుగా కూర్చుని తీగ చుడుతున్నాడు. ఆ మూడు నెలల వాయిదా నిలిపివేత విలువ 3,000 రూపాయలు. అదీ పోయిన సొమ్ము కాదు, ఆలస్యంగా వచ్చిన సొమ్ము.

7. పెట్టుబడి

బయానాకు మించి కావలసివస్తే బ్యాంకుకు వెళ్లాలి. 2015లో వచ్చిన ముద్రా పథకంలో శిశు తరగతి కింద 50,000 రూపాయల వరకు తాకట్టు లేని అప్పు ఉన్నది. 2008లో మొదలైన ప్రధానమంత్రి ఉపాధి కల్పన కార్యక్రమం నిబంధనలలో ఒక సంగతి మన పిల్లలకు ముఖ్యం. తయారీ పనికి 10 లక్షలు, సేవల పనికి 5 లక్షలు దాటిన ప్రాజెక్టుకే ఎనిమిదో తరగతి ప్యాసు అడిగారు. అంతకు లోపల చదువు అడ్డంకి కాలేదు. చదువు లేదని ఎవరైనా వెనక్కు పంపితే ఈ నిబంధన చూపి అడగండి. దరఖాస్తు పెట్టే నాటికి అమలులో ఉన్న నిబంధనలు జిల్లా పరిశ్రమల కేంద్రంలో తెలుసుకోండి. ఒక్క హెచ్చరిక. సబ్సిడీ ఎక్కువ వస్తుందని పెద్ద అప్పు తీయించవద్దు. పని ఎంతో అప్పు అంత.

8. పాలక వర్గం మరువరాని జాగ్రత్తలు

పాల బిల్లులో మినహాయింపు సభ్యుని రాతపూర్వక అంగీకారం లేకుండా చేయరాదు. తీర్మానం, చీటీ, లెడ్జరు మూడూ సరిపోవాలి. తనిఖీలో మేము మొదట అడిగేది ఇదే.

సంఘం సొమ్ము బయానాగా ఇవ్వడానికి మీ నియమావళి ఎంతవరకు ఒప్పుకుంటుందో ముందు చూసుకోవాలి. సందేహం ఉంటే మహాజన సభలో పెట్టాలి.

అధ్యక్షుని బంధువులనో, గట్టిగా అడిగినవారినో ఎంపిక చేయరాదు. భూమి లేనివారు, ఒంటరి తల్లుల పిల్లలు, ఆడపిల్లలు ముందు వరుసలో ఉండాలి. మాట్లాడలేనివాడు దరఖాస్తు పెట్టుకోడు. మీరే వెళ్లి అడగాలి.

ఎద సూది నేర్చినవాడు పశువైద్యుడు కాడు. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం చికిత్స చేయడం అర్హత గల పశువైద్యుని పని. రోగానికి ఇంజక్షన్లు పొడవమని సభ్యులే ఒత్తిడి చేయరాదు. ఆ మందు పాలలోకి దిగితే నష్టం సంఘానికే.

చాఫ్ కట్టర్‌కు మూత లేకుండా పని చేయనివ్వరాదు. వేళ్లు పోగొట్టుకున్నవారిని మేము చూశాము.

ముగింపు

దర్జీ పని నేర్చిన ఆ పన్నెండుమందిలో ఇప్పటికీ ఒకరిద్దరు మాకు దారిలో ఎదురై నమస్కారం పెడుతూ ఉంటారు. వారికి ఇప్పుడు యాభై ఏళ్ల వయసు. వారి పిల్లలు కొందరు మన సంఘాలకే పాలు పోస్తున్నారు. తండ్రుల విషయంలో వేయని లెక్క పిల్లల విషయంలోనైనా వేద్దాము. ప్రతి సంఘం ఈ ఏడాది ఒక్కరిని ఎన్నుకోండి, చాలు. పదిమందిని పంపి మరచిపోవడం కంటె, ఒకరిని పంపి రెండేళ్లు చూసుకోవడం మేలు.

నెలవారీ సమావేశంలో చర్చకు ప్రశ్నలు

1. మన సభ్యుల ఇళ్లలో బడి మానిన పిల్లలు ఎందరు? వారిలో 14 లోపు, 18 లోపు, ఆ పైన ఎందరెందరు?
2. పశువును చూసేవారు లేక బడి మానినవారు ఉన్నారా? ఉంటే, ఆ ఇంటికి మేత, నీరు సౌకర్యంగా అమర్చి ఆ పిల్లను తిరిగి బడికి పంపడానికి సంఘం ఏమి చేయగలదు?
3. మన సభ్యులు ఏ మరమ్మతుకు, ఏ సేవకు ఊరు దాటి పోతున్నారు? ఏడాదికి ఎన్నిసార్లు?
4. ఆ పని ఒక మనిషికి సరిపోతుందా? సరిపోకపోతే ఏ పక్క సంఘాలతో కలవాలి?
5. పాల బిల్లు నుండి సేవా రుసుము మినహాయించడానికి సభ్యులు ఒప్పుకుంటారా? అభ్యంతరాలు ఏమిటి?